జ్వరాలన్నీ చివరి వాడకే ఎందుకు?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక పల్లె. నేను మహిళా సంఘం సభ్యురాలిని. ఏటా వానలు మొదలవగానే ఊరి చివరి వాడలో జ్వరాలు మొదలవుతాయి. కిందటేడు అక్కడ దాదాపు ప్రతి ఇంట్లో ఒకరు మంచం పట్టారు. ఊరి నడుమ ఇళ్లలో మాత్రం ఒకరిద్దరికే వచ్చింది. మీటింగు పెట్టినప్పుడల్లా ‘ప్రజల భాగస్వామ్యంతోనే ప్రజారోగ్యం’ అని చెబుతున్నారు. పేదల చేతికి చీపురు ఇచ్చి సర్కారు తప్పుకోవడానికే ఈ మాట అని నాకు అనిపిస్తున్నది. నా అనుమానం తప్పంటారా?
— ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: అమ్మా, మీ అనుమానం తప్పు కాదు. అయితే ఆ మాట పుట్టిన చోట దాని అర్థం వేరుగా ఉండేది. 1978 సెప్టెంబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా అటాలో సమావేశమైన దేశాలు చేసిన ప్రకటన, తమ ఆరోగ్య సేవలకు ప్రణాళిక వేసుకోవడంలోనూ వాటిని అమలు చేయడంలోనూ పాల్గొనడం ప్రజల హక్కూ బాధ్యతా అని రెండింటినీ కలిపి చెప్పింది. మన మీటింగుల్లో బాధ్యత ఒక్కటే వినిపిస్తున్నది. ప్రణాళిక ఎక్కడో తయారై చీపురు మాత్రమే వాడకు వస్తే దాన్ని వెట్టి అనాలి. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

మీ వాడలో వచ్చేవి ఏ జ్వరాలో రక్తపరీక్ష చేయకుండా చెప్పకూడదు. డెంగీ అయితే మాత్రం అది ఆ వాడనే పట్టుకోవడానికి కారణం చాలావరకు నీళ్లలో ఉంటుంది. డెంగీని మోసే దోమ మురికి కాలువకన్నా నిలవ ఉన్న మంచి నీళ్లను ఎక్కువగా కోరుకుంటుంది; గోలెంలో, డ్రమ్ములో, కూలర్‌లో, పాత టైరులో గుడ్లు పెడుతుంది. మిద్దె మీద మూత ఉన్న ట్యాంకు గల ఇంటికి నీళ్లు తెరిచి పెట్టుకునే అవసరం ఉండదు. పైపు కొసన ఉన్న వాడకు నల్లా సన్నగా, రోజు విడిచి రోజు వస్తుంటే, వచ్చినప్పుడే పట్టి పెట్టుకోక తప్పదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి పాత్రలన్నీ ఖాళీ చేయమని, శుక్రవారం డ్రైడే పాటించమని చెబుతారు. ఆ సలహా సరైనదే, కాకపోతే గుడ్లు పాత్ర గోడకు అంటుకొని ఎండలోనూ నెలల తరబడి బతుకుతాయి కాబట్టి పారబోస్తే సరిపోదు, పీచుతో తోమాలి. కానీ ఆ వాడ ఆడవాళ్లకు నీళ్లు పారబొయ్యమని చెప్పే వారు, పారబోస్తే మళ్లీ నీళ్లు ఎప్పుడు వస్తాయో కూడా చెప్పాలి కదా! పొగ మిషన్ ఎగిరే దోమలనే చంపుతుంది, గోలెంలోని పురుగులను అది తాకదు. ఇక జ్వరం వచ్చిన మనిషి కూలి పోతుందని రెండు రోజులు ఆగి, ఆ తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకొని, చివరికి అప్పు చేసి పట్నం దవాఖానకు పోవడం మీరు చూస్తూనే ఉంటారు. దోమ కుట్టడం ఎవరికైనా ఒక్కటే, దాని ఖర్చు మాత్రం ఒక్కటి కాదు.

ప్రజల చేతికి పని మాత్రమే కాక సాధనాలు కూడా ఇస్తే ఏమవుతుందో చూడడానికి మనం దూరం పోనక్కరలేదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చే సిరొంచ, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1986 నుంచి పనిచేస్తున్నారు. వారు 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతిని నేర్పారు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వారి అధ్యయనం ప్రకారం, పోల్చి చూసిన పల్లెలతో చూస్తే మూడో ఏడాదికి నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి. ఇక్కడ నేను నొక్కి చెప్పదలచింది ఒకటుంది: ఆ ఆడవాళ్లకు ప్రేరణ ప్రసంగాలు ఇచ్చి పంపేయలేదు. బిడ్డ బరువు తూచడం నేర్పారు, పసిబిడ్డ ఒంటినిండా ఇన్ఫెక్షన్ పాకే సెప్సిస్ జబ్బుకు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చే అధికారం ఇచ్చారు, పైన చూసుకునే వారిని పెట్టారు, పనికి డబ్బు ఇచ్చారు. 2011 నుంచి మన ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డను చూడడం ఆ అనుభవం నుంచి వచ్చిందే.

మీ ఊరికీ ఒక సాధనం కాగితం మీద ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో కనీసం 15 మంది ఉండాలని, సగం మంది ఆడవాళ్లు కావాలని, దళితులకు, గిరిజనులకు చోటు ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి. సొంతంగా ఖర్చు చేసుకోవడానికి ఏడాదికి 10,000 రూపాయల వరకు నిధి కూడా ఉంటుంది. ఆ మొత్తంతో పైపులైను మారదని నాకు తెలుసు. కానీ ఊరు అనగానే అందరూ ఒక్కటే అనుకోవడం పెద్ద పొరపాటు. కమిటీలో చివరి వాడ మనిషి లేకపోతే, ఆ నిధి ఊరి నడుమ బ్లీచింగ్ పౌడర్‌గా ముగుస్తుంది.

కాబట్టి ముందు ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను తోడు తీసుకొని, కిందటేడు ఏ ఇంట్లో ఎందరికి జ్వరం వచ్చిందో, ఆ ఇంటికి నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందో, నీళ్లు దేనిలో పట్టుకుంటున్నారో ఊరి పటం గీసి రాయండి. రోగుల పేర్లు మాత్రం పటం మీద వద్దు. రెండు వాడల లెక్క పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదివించి, తీర్మానం రిజిస్టరులో రాయించి, నకలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి, నల్లా నీళ్లు చూసే ఇంజినీరుకు ఇవ్వండి. వాడవాళ్లకు గోలెం తోమడం చెప్పే హక్కు మీకు అప్పుడు వస్తుంది. కమిటీ సమావేశం పగలు పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసులో పెడితే ఆ వాడ నుంచి ఎవరూ రారు, ఆ వేళకు వాళ్లు పత్తి చేన్లలో ఉంటారు. పొద్దుగూకిన తర్వాత, ఆ వాడలోని నల్లా దగ్గరే పెట్టించండి.