రియల్ ఎస్టేట్ చదువుకు లక్షలు పోయాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాడు. రియల్ ఎస్టేట్ కోర్సు చేస్తానని పట్టుబడుతున్నాడు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ రెండేళ్ల కోర్సుకు ఏడు లక్షలు అడుగుతోంది. అంత పెట్టలేం. తక్కువలో పనికొచ్చే చదువు ఏముంది?
– కె.ఎస్., ఖమ్మం

జవాబు: కోర్సు సంగతి తర్వాత. ముందు అబ్బాయి ఏ పని చేయాలనుకుంటున్నాడో తేల్చుకోండి. ఈ రంగంలో ఒక్కో పనికి ఒక్కో అర్హత.

ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కావాలంటే 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం డిగ్రీ అడగదు. 9వ సెక్షన్ కింద నమోదు తప్పనిసరి, అంతే. నమోదు లేకుండా రెరా ప్రాజెక్టుల్లో బేరాలు కుదిరిస్తే మాత్రం రోజుకు పదివేల రూపాయల చొప్పున, ఆస్తి ధరలో 5 శాతం దాకా జరిమానా పడుతుంది. కేవలం ఈ పని కోసమైతే ఏడు లక్షలు దండగ.

ఆస్తుల విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ కావాలంటే బీకాం చాలదు. భూములు, భవనాల విభాగానికి సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ లేదా టౌన్ ప్లానింగ్ డిగ్రీ, ఆపైన ఐదేళ్ల అనుభవం ఉండాలి. ఆ తర్వాతే 50 గంటల శిక్షణ, పరీక్ష. కోర్సు పేరులో వాల్యుయేషన్ అని కనిపించిందని చేర్పించకండి.

బీకాం అబ్బాయికి మేం గట్టిగా చెప్పేది లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయమని. యూనివర్సిటీ కాలేజీల్లో ఫీజు తక్కువ. బ్యాంకులకు, బిల్డర్లకు, కొనేవాళ్లకు ఎప్పుడూ అవసరమయ్యే పని టైటిల్ పరిశీలన, అంటే ఆస్తి హక్కు నిజంగా అమ్మేవాళ్లదేనా అని కాగితాలు చూడటం. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అందులో కనిపించేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. నోటరీ అగ్రిమెంటు, రిజిస్టర్ కాని వీలునామా అందులో ఉండవు. అన్నదమ్ముల మధ్య కోర్టులో నడుస్తున్న భాగపంపకాల దావా కూడా సాధారణంగా కనిపించదు. సర్వే నంబరు 124ను తర్వాత 124/అ, 124/ఆగా విడగొట్టి ఉంటే పాత నంబరుకూ కొత్త నంబర్లకూ విడివిడిగా ఈసీలు తీసి, లింకు డాక్యుమెంట్ల (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల) పక్కన పెట్టి చూడాలి. ఒక్కటే తీస్తే మధ్యలో జరిగిన అమ్మకం కంటికి ఆనదు. ఇది వచ్చినవాడికి పని వెతుక్కుంటూ వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో చెల్లదు, కాలేజీకి వెళ్లాల్సిందే.

కంపెనీ ఉద్యోగమే కావాలంటే ఐసెట్ రాసి కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా) ఎంబీఏ ఫైనాన్స్ తీసుకుని, ప్రాజెక్టు వర్కు నిర్మాణ సంస్థలో చేయమనండి. అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంటూ వస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. ప్రభుత్వం నుంచి ఆ డబ్బు ఆలస్యమైతే కాలేజీ సర్టిఫికెట్లు ఇస్తుందా, ఆపుతుందా అని సీనియర్లను అడగండి.

అయినా ఆ ప్రైవేటు సంస్థే అంటే, చివర్లో చేతికిచ్చేది ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి. డిగ్రీ అయితే యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీది కావాలి, పీజీడీఎం అయితే ఏఐసీటీఈ అనుమతి ఉండాలి. ఆన్‌లైన్, దూరవిద్య అయితే ఈ సంవత్సరానికి ఆ కోర్సు పేరు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉందేమో చూడండి. ప్లేస్‌మెంట్లు చూపిస్తే జీతంలో ఫిక్స్‌డ్ ఎంత, కమీషన్ ఎంత అని విడగొట్టి అడగండి. ‘ఏడాదికి ఆరు లక్షలు’లో సగం ఫ్లాట్లు అమ్మితేనే వచ్చేదైతే ఆ లెక్క వేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి.

ప్రశ్న: మా అక్క కూతురు కాలిఫోర్నియాలో ఉంటోంది. అక్కడ రియల్ ఎస్టేట్ లైసెన్సుకు తక్కువ ఖర్చుతో ఎక్కడ చదవాలి?
– ఆర్., గుంటూరు

జవాబు: కమ్యూనిటీ కాలేజీలో. సేల్స్‌పర్సన్ లైసెన్సు పరీక్షకు మూడు సబ్జెక్టులు, మొత్తం 135 గంటలు చదవాలి. ప్రిన్సిపుల్స్, ప్రాక్టీస్ తప్పనిసరి. మూడోది అనుమతించిన జాబితా నుంచి ఎంచుకోవచ్చు. రాష్ట్ర నివాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. సబ్జెక్టుకు మూడు యూనిట్ల లెక్కన 414 డాలర్లు అవుతుంది, పుస్తకాలు, పరీక్ష, లైసెన్సు ఫీజులు వేరే. నివాసిగా లెక్కలోకి రాకపోతే ఫీజు అనేక రెట్లు పెరుగుతుంది, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఎన్నేళ్లున్నా ఆ లెక్కలోకి రారు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబ సభ్యుల వీసా) మీద ఉంటే చదవొచ్చు, కానీ పని అనుమతి లేకుండా లైసెన్సుతో సంపాదించకూడదు. కాబట్టి చేరేముందు వీసా కాగితాలు కాలేజీ అడ్మిషన్ల ఆఫీసులో చూపించి, నివాసి ఫీజు వర్తిస్తుందో లేదో తేల్చుకోమనండి.