హీరో కంటే ముందు దర్శకుడు

ప్రశ్న: రెండేళ్లు కూర్చుని స్క్రీన్‌ప్లే పూర్తి చేశాను. పేరున్న నటుడు ఒప్పుకుంటే నిర్మాత తనంతట తానే వస్తాడంటున్నారు. స్క్రిప్ట్ ఆయన దాకా చేర్చేదెలా?

జవాబు: నటుడి మేనేజర్ కథలోకి వెళ్లకముందే మూడు అడుగుతాడు. దర్శకుడెవరు? డబ్బు ఎవరు పెడుతున్నారు? షూటింగ్ ఎప్పుడు? మూడింటికీ ‘ఇంకా లేదండీ’ అనాల్సి వస్తే మీ ఫైల్ తెరవడు. కాబట్టి ముందు దర్శకుణ్ణి పట్టుకోండి. పెద్ద దర్శకులకు సొంత కథలే వరసలో ఉంటాయి. ఒకటి రెండు సినిమాలు తీసి తర్వాతి కథ వెతుక్కుంటున్నవాళ్లు త్వరగా చదువుతారు. వాళ్లు తీసినవి చూసి, మీ కథ తరహాకు సరిపోయేవాళ్లకే రాయండి.

అడక్కుండా పూర్తి స్క్రిప్ట్ పంపకండి. రేపు ఇలాంటి సినిమా వస్తే కాపీ గొడవ మెడకు చుట్టుకుంటుందని చాలామంది చదవకుండానే పక్కన పెడతారు. మొదటి మెయిల్ ఇంత చాలు: ‘తానిచ్చిన పాత తీర్పు తప్పని తెలిసిన రిటైర్డ్ జడ్జి, ఆ ఖైదీ కుటుంబం ఉండే ఇంట్లోనే అద్దెకు దిగుతాడు. థ్రిల్లర్, 104 పేజీలు. చదువుతానంటే పంపుతాను.’ పేజీకి నిమిషం లెక్కన సినిమా నిడివీ వాళ్లకు తెలిసిపోతుంది. పంపేముందు కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించండి.

దర్శకుడు మార్పులు అడుగుతాడు, అది మంచిదే. ఎన్నిసార్లు తిరగరాయాలి, రచయితగా పేరు ఎవరికి పడుతుంది అన్నవి మాత్రం మొదట్లోనే రాసుకోండి. హక్కులు శాశ్వతంగా ఇవ్వకండి. ఎంతో కొంత డబ్బు తీసుకుని, 12 నుంచి 18 నెలల గడువుతో ఆప్షన్, అంటే ఆ లోపు కథ కొనుక్కునే హక్కు మాత్రమే ఇవ్వండి. గడువులోపు కొనకపోతే కథ మళ్లీ మీదే.

దర్శకుడితో కలిసి కథ నటుడి దాకా తీసుకెళ్లి, ఆయన సరేనన్నాక నోటిమాటతో ఊరుకోకండి. ఒక్క పేజీ లెటర్ ఆఫ్ ఇంటెంట్ తీసుకోండి. సినిమా పేరు, పాత్ర, డేట్లు కుదిరితే చేస్తానన్న మాట, నిర్మాతలకు తన పేరు చెప్పుకునే అనుమతి, అది ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ అందులో ఉండాలి. సాధారణంగా ఇది ఆసక్తి తెలిపే కాగితమే, ఆయన్ని కట్టిపడేయదు. సినిమా ఆగినా పారితోషికం చెల్లించే పే ఆర్ ప్లే ఒప్పందానికి వెనక డబ్బుండాలి, అది నిర్మాత చేసే పని. అనుమతి లేకుండా పేరు వాడితే నిర్మాత చేసే ఒక్క ఫోన్‌తో బయటపడుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది తొందర వల్ల. దొరికిన మొదటి నటుడికే మాటిచ్చేస్తారు. ఆయన పేరు మీద పెట్టుబడి పెట్టని నిర్మాత, కథ నచ్చినా వెళ్లిపోతాడు. అందుకే ఆ లేఖ గడువు ఆర్నెల్లు దాటనివ్వకండి.