పరీక్షల్లో ఏమీ కనిపించని మూత్రాశయ నొప్పి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 38 సంవత్సరాలు. మాది కడప. ఊరికి దూరంగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, రోజూ బస్సులో వెళ్లి వస్తాను. దాదాపు రెండేళ్లుగా పొత్తికడుపు అడుగున బరువుగా, మంటగా నొప్పి వస్తోంది. మూత్రం నిండేకొద్దీ నొప్పి పెరుగుతుంది, వెళ్లి వస్తే కాస్త తగ్గుతుంది, అరగంటకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. తీరా వెళితే ధార వెంటనే మొదలుకాదు. మూత్ర పరీక్ష, కల్చర్, స్కానింగ్ ఎన్నిసార్లు చేయించినా ఏమీ లేదంటారు, అయినా ప్రతిసారీ యాంటీబయాటిక్ మాత్రలు రాసిస్తారు. ఇంట్లోవాళ్లు వేడి చేసిందని బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు తాగిస్తున్నారు. కండరాలు బలహీనపడ్డాయని ఒకరు కీగెల్ వ్యాయామాలు (కింది కండరాలను పదేపదే బిగించి వదలడం) చేయమన్నారు, చేస్తే నొప్పి ఎక్కువైంది. గర్భసంచి తీసేస్తే సరిపోతుందని మరొకరన్నారు. ఈమధ్య ఒక ఫిజియోథెరపిస్టు, నాకు తెలియకుండానే నేను కింది కండరాలను బిగబట్టి ఉంచుతున్నానని చెప్పారు. నాకు తెలియకుండా నా కండరాలను నేనెలా బిగిస్తాను? ఇదంతా నీ మనసులోనే ఉందని మర్యాదగా చెప్పడమా ఇది?
– పేరు వద్దన్న పాఠకురాలు, కడప

జవాబు: కాదమ్మా. ఆ ఫిజియోథెరపిస్టు మాట్లాడింది మీ మనసు గురించి కాదు, మీ ఒంటి గురించే. మీరు రాసిన లక్షణాలను వరుసగా పెట్టి చూస్తే ఆ మాటలో నిజం ఉండే అవకాశమే ఎక్కువగా కనిపిస్తోంది.

కటి ఎముకల అడుగున, ముందువైపు ఎముక నుంచి వెనక తోక ఎముక వరకు, జోలె కట్టినట్టు కొన్ని కండరాలు ఉంటాయి. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని కింది నుంచి మోసేవి ఇవే. మూత్రాశయం నిండుతున్నకొద్దీ ఇవి తమంతట తామే కొంచెం కొంచెంగా బిగుస్తాయి, మూత్రానికి కూర్చున్నప్పుడు సడలుతాయి. ఈ బిగింపుకూ సడలింపుకూ ప్రతిసారీ మన ఆజ్ఞ అక్కరలేదు, వెన్నుపాము, మెదడు కలిసి ఆ పని చూసుకుంటాయి. నిద్రలో పళ్లు కొరికేవారికి తాము కొరుకుతున్నట్టు తెలియదు, పొద్దున దవడ నొప్పి పెడితేనో, పక్కన పడుకున్నవారు చెబితేనో తెలుస్తుంది. మీ కింది కండరాల బిగింపు కూడా అలాంటిదే.

ఇది అలవాటుగా ఎలా మారుతుందో మీ ఉత్తరంలోనే కొంత ఉంది. బస్సులో ఇబ్బంది పడతామని ఉదయం నీళ్లు తాగకుండా బయలుదేరడం, బడిలో మరుగుదొడ్డి వాడేలా లేక మధ్యాహ్నం దాకా ఆపుకోవడం, తప్పక వెళ్లినప్పుడు కూర్చోకుండా సగం వంగి, తొడలు బిగబట్టి, హడావిడిగా ముగించి రావడం మన ప్రాంతంలో ఉద్యోగం చేసే స్త్రీలలో చాలామందికి ఏళ్ల తరబడి సాగే దినచర్య. (మరుగుదొడ్డికి నీళ్ల వసతి లేకపోవడాన్ని పారిశుద్ధ్య సమస్యగానే లెక్కిస్తారు గానీ, అది స్త్రీల కటి కండరాల సమస్య కూడానని అధికారులకు ఎవరైనా చెప్పాలి.) దానికి తోడు ఒకసారి నిజంగానే ఇన్ఫెక్షన్ వచ్చి మంట పుడితే, నొప్పి ఉన్నచోటును కాపాడుకోవడానికి కండరాలు మరింత బిగుసుకుంటాయి. ఇన్ఫెక్షన్ తగ్గినా బిగింపు మిగిలిపోతుంది. ఎడతెగకుండా బిగుసుకున్న కండరం తానే నొప్పి పుట్టిస్తుంది, అందులో వేలితో తాకితే జివ్వుమనే గట్టి ముడులు ఏర్పడతాయి. మూత్రాశయానికీ ఈ కండరాలకూ వెళ్లే నాడులు నడుము అడుగున త్రికాస్థి దగ్గర ఒకే మూలం నుంచి బయలుదేరతాయి కాబట్టి, నొప్పి కండరానిదైనా మెదడు దాన్ని మూత్రాశయం నొప్పిగానే లెక్కిస్తుంది. ఆ నొప్పికి కండరం మళ్లీ బిగుస్తుంది. అరగంటకోసారి వెళ్లాలనిపించడం, వెళ్లాక ధార ఆలస్యంగా రావడం ఈ రెంటినీ పక్కపక్కన చూసినప్పుడు నాకు ముందుగా తోచేది సడలడం మరిచిన కండరమే.

అయితే ఇదొక్కటే కారణమని ఉత్తరం చదివి తేల్చకూడదు. మూత్రాశయానికి సంబంధించిన నొప్పి, తరచు వెళ్లవలసి రావడం, ఇన్ఫెక్షన్ వంటి వేరే కారణమేదీ దొరకకుండా ఆరు వారాలకు మించి కొనసాగితే దాన్ని మూత్రాశయ నొప్పి సిండ్రోమ్ అంటారు, ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అన్నది దీనికే పాత పేరు. ఈ జబ్బున్నవారిలో కొందరికి మూత్రాశయం లోపలి పొరలో హన్నర్ పుండ్లు ఉంటాయి. వాటిని సిస్టోస్కోపీతోనే, అంటే మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి మూత్రాశయం లోపల చూసే పరీక్షతోనే చూడగలం, వాటికి చికిత్స కూడా వేరు. మన దేశంలో మరిచిపోకూడనిది మరొకటి ఉంది. మూత్రంలో చీము కణాలు కనిపిస్తూ, కల్చర్‌లో మాత్రం ఏ సూక్ష్మజీవీ పెరగకపోతే మూత్రనాళాల క్షయ కోసం ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి. మన జిల్లాల్లో మూత్రంలో రాళ్లు ఎక్కువ కాబట్టి స్కానింగ్‌లో ఆ సంగతీ, మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగులుతోందన్న సంగతీ అడిగి తెలుసుకోండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో, తిరుపతి స్విమ్స్‌లో యూరాలజీ విభాగాలు ఉన్నాయి. వెళ్లే ముందు మూడు రోజుల పాటు ఏ సమయానికి మూత్రానికి వెళ్లారో, కొలత గ్లాసుతో చూస్తే ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, నొప్పి పదికి ఎంత ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసి తీసుకువెళ్లండి. పెద్దవారి మూత్రాశయం సాధారణంగా 400 మిల్లీలీటర్ల వరకు పట్టుకోగలదు. మీకు ప్రతిసారీ వంద, నూటయాభై దగ్గరే తొందరపెడుతుంటే, ఆ పుస్తకం చూసిన డాక్టరుకు సగం విషయం నోరు విప్పకుండానే అర్థమవుతుంది.

కీగెల్ వ్యాయామాలను ఈరోజే ఆపేయండి. కాన్పుల తర్వాత కండరాలు వదులై, దగ్గినప్పుడు మూత్రం జారిపోయేవారికి అవి మేలు చేస్తాయి. ఇప్పటికే బిగుసుకున్న కండరాన్ని రోజుకు వందసార్లు ఇంకా బిగిస్తే నొప్పి పెరగక ఏమవుతుంది? ఈ జబ్బులో కటి కండరాలను బలపరిచే వ్యాయామాలు చేయించవద్దని అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు సూటిగా చెబుతున్నాయి. చేయవలసింది చేతితో ఆ ముడులను సడలించే ఫిజియోథెరపీ. కటి కండరాల్లో నొక్కితే నొప్పి ఉన్న 81 మంది స్త్రీలతో ఉత్తర అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. ఈ పద్ధతిలో చికిత్స పొందినవారిలో 59 శాతం మంది మెరుగుపడ్డామని చెప్పగా, ఒళ్లంతా మామూలు మర్దన పొందినవారిలో అలా చెప్పినవారు 26 శాతమే. అందరికీ తగ్గలేదన్నదీ ఆ లెక్కలోనే ఉంది, దాన్ని మీ దగ్గర దాచను.

ఈ చికిత్సలో ఫిజియోథెరపిస్టు చేతికి తొడుగు వేసుకుని, యోని లోపల ఒక వేలితో పక్క కండరాలను మెల్లగా నొక్కి చూస్తారు. మీ రోజువారీ నొప్పి అక్కడే అచ్చంగా మేల్కొంటే మూలం దొరికినట్టే, ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఆ ముడులను వదిలిస్తారు. స్త్రీ ఫిజియోథెరపిస్టే కావాలని అడిగే హక్కు, ఏ క్షణంలోనైనా ఆపమనే హక్కు మీకున్నాయి. ఇందులో శిక్షణ పొందినవారు మన జిల్లాల్లో అరుదు, బెంగళూరు, హైదరాబాదుల్లో ఎక్కువమంది దొరుకుతారు కాబట్టి ముందుగా ఫోన్ చేసి, ఈ చికిత్స చేస్తారో లేదో కనుక్కొని బయలుదేరండి. మీకు బిగింపు సంగతి చెప్పిన ఫిజియోథెరపిస్టునే మొదట అడగడం తేలిక.

ఇంట్లో చేయగలిగినదీ తక్కువేమీ కాదు. చాప మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద ఆనించి, ఒక చేయి బొడ్డు కింద పెట్టుకోండి. ముక్కుతో గాలి పీల్చినప్పుడు ఛాతీ కాకుండా చేతి కింది పొట్ట లేవాలి. అప్పుడు అడుగు కండరాలు కూడా కొద్దిగా కిందికి దిగుతాయి. మూత్రం ధార మొదలయ్యే క్షణంలో లోపల ఏదో వదులైనట్టు అనిపిస్తుందే, దాన్నే గుర్తుచేసుకోండి, ముక్కి కిందికి నెట్టవద్దు. ఉదయం, రాత్రి పది నిమిషాలు చాలు. మొదటి వారాల్లో ఏమీ తెలియదు, ఎందుకంటే ఏళ్ల తరబడి బిగిసి ఉన్న కండరానికి ఆ బిగువే మామూలు స్థితి అయిపోయి ఉంటుంది.

అసలు మార్పు పగటిపూట రావాలి. మీకు బడి గంట ఉంది, అది మోగినప్పుడల్లా ఒక్కసారి చూసుకోండి: పళ్లు కరుచుకుని ఉన్నాయా, భుజాలు పైకి లేచాయా, పొట్ట లోపలికి లాగి ఉందా, పిరుదులు బిగిసి ఉన్నాయా? ఎక్కడ బిగువు కనిపిస్తే అక్కడ ఒక పొడవాటి ఊపిరి వదిలి సడలించి, మళ్లీ పాఠంలోకి వెళ్లండి. నల్లబల్ల దగ్గర నిలబడి రాస్తున్నప్పుడు, పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు, బస్సు గుంతల్లో పడి లేస్తున్నప్పుడు మీరెంత బిగించి ఉంచుతున్నారో చూసి మీరే ఆశ్చర్యపోతారు. బిగింపు కంటపడటం మొదలైతే మీ ప్రశ్నకు మీకే జవాబు దొరుకుతుంది. మరుగుదొడ్డిలో పూర్తిగా కూర్చోండి, చివరి చుక్కల కోసం ముక్కవద్దు, మలబద్ధకాన్ని ముదరనివ్వవద్దు. నొప్పి రేగిన రోజున గుడ్డ చుట్టిన వేడినీళ్ల సంచిని పొత్తికడుపు మీద పావుగంట ఉంచండి.

నొప్పికి భయపడి నీళ్లు మానేయకండి. మన ఎండల్లో నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. ఒకేసారి చెంబెడు కాకుండా రోజంతా కొద్దికొద్దిగా తాగండి. బార్లీ నీళ్లు తాగితే తప్పు లేదు, అవి కండరాన్ని మాత్రం సడలించవు. ఆహారంలో కాఫీ, టీ, నిమ్మ, టమోటా, చింతపండు, ఎక్కువ కారం, విటమిన్ సి మాత్రలు కొందరికి నొప్పిని పెంచుతాయి, అందరికీ కాదు. ఎర్రకారం దోసె, పచ్చిమిరపకాయల ఊరుబిండి లేకుండా కడపలో బతకమనడం కఠినమే, కాబట్టి మూడు వారాలు మాత్రం వీటిని ఆపి సంగటి, మజ్జిగ, సొరకాయ, బీరకాయ, పెసరపప్పుతో నడిపించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టి చూడండి. మీకు పడనిది ఏదో బయటపడితే దాన్ని ఒక్కదాన్నే వదిలేయవచ్చు.

మందుల విషయానికి వస్తే, కల్చర్‌లో ఏమీ పెరగనప్పుడు మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్ వాడటంలో అర్థం లేదు. రాత్రిపూట చిన్న మోతాదులో ఇచ్చే అమిట్రిప్టిలిన్ నాడుల నొప్పిని తగ్గిస్తుంది. అది డిప్రెషన్ మందు కదా అని మందుల షాపులో ఎవరైనా అంటే కంగారుపడకండి, ఇక్కడ దాని పని వేరు. మత్తు, నోరు ఆరిపోవడం, మలబద్ధకం దాని ఇబ్బందులు. మూత్రాశయం నొప్పికే వాడే పెంటోసాన్ అనే మందు రాస్తే కంటి వైద్యుడికి చూపించుకున్న తర్వాతే మొదలుపెట్టండి, ఎక్కువ కాలం వాడినవారిలో కొందరికి కంటి రెటీనా దెబ్బతింటుందని 2020లో అమెరికాలో ఆ మందుపై హెచ్చరిక చేర్చారు.

గర్భసంచి సంగతి. అందులో జబ్బు ఉందని తేలనప్పుడు దాన్ని తీసేస్తే మూత్రాశయం నొప్పి పోతుందన్నది నిరాధారం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. ఆ సంఖ్యను మీరు పెంచవద్దు.

ప్రశ్న: నా వయసు 32. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను. రోజంతా కూర్చునే పని. ఏడాదిగా మలద్వారానికీ వృషణాలకూ మధ్య నొప్పి, మూత్రం సన్నగా రావడం, కలయిక తర్వాత మంట ఉన్నాయి. ప్రొస్టేట్ వాపు అని మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడాను, గుణం లేదు. మగవారికి కూడా కండరాల బిగింపు వల్ల ఇలా వస్తుందా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: వస్తుంది. దీర్ఘకాల ప్రొస్టేట్ వాపు అని పేరుపడిన వాటిలో 90 శాతానికి పైగా బ్యాక్టీరియా వల్ల వచ్చినవి కావు. కల్చర్‌లో ఏమీ లేకుండా నాలుగో కోర్సు మొదలుపెట్టకండి. పై జవాబులోని ఊపిరి అభ్యాసం, పగటిపూట బిగింపును గమనించడం మీకూ అక్షరాలా వర్తిస్తాయి, ఫిజియోథెరపిస్టు పరీక్ష మాత్రం మలద్వారం గుండా చేస్తారు. అరగంటకోసారి కుర్చీ నుంచి లేచి నాలుగడుగులు వేయండి, కాళ్లు మడిచి గొంతుక్కూర్చుని కాసేపు ఊపిరి పీల్చి వదలండి. కలయిక తర్వాత మంట అంటువ్యాధి లక్షణమేమోనని లోలోపల భయపడుతుంటే, సుఖవ్యాధుల పరీక్ష ఒకసారి చేయించుకుని ఆ అనుమానం తీర్చుకోండి. బిగింపును పెంచేవాటిలో ఆ భయం కూడా ఒకటి.

మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా మీరైనా, పై ఉత్తరం రాసిన సోదరి అయినా ఈ అభ్యాసాలను పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, కాళ్లలో బలం తగ్గినా మరుసటి రోజు దాకా ఆగకుండా అప్పటికప్పుడే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.