మా వాడి చేత మొదటి బంతి ఎప్పుడు వేయిస్తారు?

ప్రశ్న: మేష్టారూ, మా గుంటడికి 16 ఏళ్లు. స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. వాడి బంతి అందుకోవాలంటే బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్‌కే భయం. అయినా కోచ్ గారు చివరి రెండు ఇన్నింగ్స్‌కే దింపుతున్నారు. మొదటి నుంచి వేయించాలంటే ఏం చేయాలి? రోజూ 150 బంతులు వేయిస్తున్నాను, చాలవా?
– ఒక తండ్రి, నెల్లిమర్ల

జవాబు: చాలవా అని అడుగుతున్నారా! ముందు ఆ 150 ఆపించండి బాబూ. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ (అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్), యూఎస్ఏ బేస్‌బాల్ అనే సంస్థలు కలిసి పెట్టిన లెక్క ఒకటుంది. 15-16 ఏళ్ల పిల్లాడు మ్యాచ్ రోజున 95 బంతులకు మించి వేయకూడదు, 76 వేశాడంటే తర్వాత నాలుగు రోజులు పిచింగే లేదు, ఏడాదిలో కనీసం నాలుగు నెలలు మ్యాచ్‌ల్లో పిచింగ్ మానేయాలి. వరసగా రెండు రోజులు వేయించి ఒక కుర్రాడి భుజం పాడుచేసిన పాపం నాకూ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక మీ కోచ్ గారి సంగతి. చివర్లో దిగినవాడు ఒక్కో బ్యాటర్‌కి ఒక్కసారే ఎదురుపడతాడు, వేగంతో నెట్టుకొచ్చేయొచ్చు. మొదటి నుంచి వేసేవాడికి అదే బ్యాటర్ రెండోసారి, మూడోసారి వస్తాడు, అప్పటికి వాడి కన్ను ఆ వేగానికి అలవాటు పడిపోతుంది. అందుకే ఛేంజప్ కావాలి, అంటే ఫాస్ట్‌బాల్‌లా కనిపిస్తూనే నెమ్మదిగా వచ్చే బంతి. బొటనవేలు, చూపుడువేలు సున్నాలా చుట్టి, బంతిని అరచేతిలోకి కాస్త లోపలికి పట్టుకుని, ఫాస్ట్‌బాల్‌కి ఊపినట్టే చెయ్యి ఊపాలి. పిల్లలు దొరికిపోయేది ఇక్కడే, స్లో బంతి అనగానే చెయ్యి కూడా స్లో చేసేస్తారు, బ్యాటర్‌కి ముందే తెలిసిపోతుంది.

రెండోది గురి. మీ జూట్ మిల్లు ఊళ్లో గోనెసంచికి కరువా? బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక, అదే హోమ్‌ప్లేట్, వెడల్పు 17 అంగుళాలు, సంచిని అంతకు మడిచి మోకాలి ఎత్తు నుంచి ఛాతీ దాకా గోడకు కట్టండి. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి వారానికి రెండుసార్లు, 30 బంతులు చాలు. ఎన్ని సంచికి తగిలాయో నోట్‌బుక్‌లో రాయండి. వేగం చూసి మురిసిపోకండి, అది వాడి దగ్గర ఎలాగూ ఉంది. అమెరికా పిచర్ శాండీ కౌఫాక్స్ 1955లో మేజర్ లీగ్‌కి వచ్చి ఏళ్ల తరబడి గురి కుదరక ఇబ్బంది పడ్డాడు. 1961లో క్యాచర్ నార్మ్ షెర్రీ, బలమంతా పెట్టి విసరకు, కాస్త తగ్గించు అన్నాడు. ఆ ఏడాదే 269 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేశాడు.

కోచ్‌తో మాత్రం గొడవపడకండి. ఏదైనా ప్రాక్టీస్ మ్యాచ్‌లో మొదటి నుంచి దింపి 45 బంతులకు ఆపేయమని అడగండి, ఒప్పుకుంటారు. పిచింగ్ చేసిన మ్యాచ్‌లోనే క్యాచర్‌గా నిలబెడితే మాత్రం వద్దనండి.

అన్నట్టు, సంక్రాంతి టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌లో ఫాస్ట్ బౌలింగ్ కూడా వేస్తాడా? మీరు రాయలేదు గానీ, వేసే ఉంటాడు. ఆ బంతులు కూడా లెక్కలో కలపండి.