పిల్లల కార్యక్రమాల నుంచి పాటల కార్యక్రమాలకు: ఒక వ్యాఖ్యాత అనుభవం

పిల్లల కార్యక్రమంతో గుర్తింపు పొందిన యాంకర్ సంగీత కార్యక్రమాల్లోకి వెళ్లాలంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసిందేనా అని మీరు అడిగారు. ఆరేళ్లు పిల్లల కార్యక్రమం, ఆ తరువాత నాలుగేళ్లు పాటల కార్యక్రమం చేసిన దాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, అక్కరలేదు. రెండింటికీ కావలసిన అసలు విద్య ఒకటే: మాట ఎక్కడ ఆపాలో తెలియడం.

చేరిన కొత్తలో, ప్రత్యక్ష ప్రసారంలో, ఏడేళ్ల బాబును "పాట బాగా నేర్చుకున్నావా?" అని అడిగాను. "ఊ" అని ఊరుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, మైకు వాడి గడ్డం దగ్గరకు తెచ్చి, "అందులో నీకు ఏ చోట కష్టమనిపించింది?" అని మళ్లీ అడిగాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు, ఇయర్‌పీస్‌లో దర్శకుడు పక్క పిల్లల దగ్గరికి వెళ్లమంటున్నారు, నేను కదలలేదు. కాసేపటికి వాడు తల ఎత్తకుండానే పాటలోని ఆ ముక్కను సన్నగా కూనిరాగం తీసి, శ్రుతి తప్పిన చోట ఆగి, సరిచేసుకుని మళ్లీ పాడాడు. ఆ రోజు స్క్రిప్టులో మేము రాసుకున్న వాక్యాల్లో దానికి సాటి వచ్చేది ఒక్కటీ లేదు. ఊ, ఊహూఁ అని తేలిపోయే ప్రశ్నలు వేయడం అప్పటి నుంచి మానేశాను.

పాటల కార్యక్రమంలోనూ ఇదే పని, కొలత మాత్రం సెకన్లలో ఉంటుంది. పాటకు ముందు వచ్చే వాద్యసంగీతం మీద మాట్లాడుతూ, గొంతు అందుకునే లోపు ముగించాలి. అది 12 సెకన్లుంటే 11వ సెకనుకల్లా మన మాట అయిపోవాలి. పల్లవి మొదటి పదం మీద మన గొంతు పడిందంటే ఆ పాటను ప్రేమించేవారికి అది చెవిలో ముల్లే. ప్రతి పాటనూ ముందే విని, ఆ సెకనును కార్డు మూలన పెన్సిల్‌తో రాసుకునేదాన్ని.

ఆపడం ఎంత ముఖ్యమో, అవసరమైన ఒక్క మాట వదలకపోవడమూ అంతే ముఖ్యం. అమెరికాలో 1968 నుంచి 2001 వరకు పిల్లల కార్యక్రమం నడిపిన ఫ్రెడ్ రోజర్స్ సంగీతంలో పట్టా పొందినవారు, తన కార్యక్రమానికి పాటలు తానే కట్టుకున్నవారు. కార్యక్రమంలో ఆయన తొట్టిలోని చేపలకు మేత వేశారో లేదో తనకు తెలియడం లేదని చూపులేని ఒక పాప ఉత్తరం రాయిస్తే, ఆయన మేత వేసేటప్పుడు ఆ సంగతి పైకి చెప్పడం మొదలుపెట్టారు. నాకు ఆదర్శం ఆయనే.

ఇక ఉపాధి విషయం. 1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోల ఛానల్ ఎంటీవీ మొదలైనప్పుడు పాటకూ పాటకూ మధ్య మాట్లాడటానికి ఐదుగురు వ్యాఖ్యాతలను పెట్టుకుంది. ఇప్పుడు ప్రేక్షకులు కావలసిన పాటను తామే వెతుక్కుంటున్నందువల్ల ఆ తరహా అవకాశాలు తగ్గి, పాటల పోటీలు, కచేరీలు, ముఖాముఖీలే ప్రధానమయ్యాయి. పిల్లల ప్రేక్షకులైతే నాలుగైదేళ్లలో పెద్దవాళ్లై వెళ్లిపోతారు. కొత్తగా వచ్చిన పిల్లలకు మీరెవరో తెలియదు. నాకు జీతం కాకుండా ఎపిసోడ్ లెక్కన ఇచ్చేవారు కాబట్టి, ఒక కార్యక్రమం చేతిలో ఉండగానే రెండోదానికి ప్రయత్నించడం మంచిదని నా అభిప్రాయం.

డెమో వీడియోలో పిల్లలతో చేసిన రెండు నిమిషాల సంభాషణను నిశ్శబ్దంతో సహా, కత్తిరించకుండా పెట్టండి. నన్ను పాటల కార్యక్రమానికి తీసుకున్న నిర్మాత నేను గెంతులు వేసిన క్లిప్పులను సగంలోనే ఆపేసి, ఆ బాబు క్లిప్పును మాత్రం రెండుసార్లు చూశారు.