రిపేర్ అయ్యాక కారు రేటు లక్ష పడిపోయింది, ఎవరిని అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 14 నెలల కారు, జగిత్యాల దగ్గర లారీ వెనక నుంచి గుద్దింది, మీ ఇన్సూరెన్స్‌తోనే బాగు చేయించారు, ఇప్పుడు అమ్మబోతే లక్ష తక్కువకు అడుగుతున్నారు. ఆ లక్ష మీ ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వదు. లారీకి ఇన్సూరెన్స్ చేసిన కంపెనీ నుంచి రాబట్టే దారి ఉంది. కాకపోతే ప్రమాదం జరిగి నాలుగు నెలలైంది అంటున్నారు కాబట్టి కేసు వేయడానికి మీ చేతిలో ఉన్నది రెండు నెలలే.

నాదీ ఇలాంటి కథే. 2024 డిసెంబర్‌లో హుజూరాబాద్ నుంచి హనుమకొండ వస్తున్నా. ఎల్కతుర్తి దాటాక బర్రెలు అడ్డమొస్తే బ్రేక్ వేశా, వెనకాల వస్తున్న డీసీఎం ఆగలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ డిక్కీ మొత్తం లోపలికి పోయింది. కారు కొని అప్పటికి 22 నెలలు. బిల్లు 1,64,000 అయితే నా ఇన్సూరెన్స్ వాళ్లు 1,38,500 ఇచ్చారు. ప్లాస్టిక్ భాగాలకు సగం, ఇనుప భాగాలకు 10 శాతం తరుగుదల కింద కోశారు. నా బండికైతే క్లెయిమ్‌లో వెయ్యి రూపాయలు ఎలాగూ నేనే పెట్టుకోవాలి. అన్నీ కలిపి 25,500 నా జేబులోంచే పోయింది. క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, ఆ ఏడాదిది కూడా పోయింది.

బండి మెరుస్తూ వచ్చింది, నేనైతే ఖుషీ. రెండు నెలలకు అమ్ముదామని సెకండ్ హ్యాండ్ కార్ల షాపుకు తీసుకెళ్లా. అక్కడి కుర్రాడు ఇంజన్ వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి పక్కన పెట్టి, అది ఉండే గుంత అంచు వెంట బొటనవేలు నడిపించాడు. కంపెనీ వెల్డింగ్ అయితే గుండ్రటి చుక్కలు ఒకే దూరంలో ఉంటాయట, నాదాంట్లో రెండు చోట్ల చుక్కలే లేవు. తర్వాత పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టాడు. ముందు డోర్ మీద 115 మైక్రాన్లు, వెనక 390, అంటే మళ్లీ పెయింట్ వేశారని తెలిసిపోతుంది. ‘అన్నా, పని మంచిగనే చేసిన్రు. కానీ కొనేటోడు కూడా ఇదే మీటర్ పట్టుకొని వస్తడు గదా’ అన్నాడు. 7,60,000 పలకాల్సిన బండికి 6,70,000 అన్నాడు. ఆర్సీ మీద ప్రమాదం గురించి ఏమీ రాయరు, కానీ షోరూం సర్వీస్ రికార్డులో బాడీ షాప్ పని మొత్తం కనిపిస్తుంది. దాచినా దాగదు.

మొదట నా ఇన్సూరెన్స్ వాళ్లనే అడిగా. పాలసీ కాగితం తీసి చూపించారు. కాన్సిక్వెన్షియల్ లాస్ (ప్రమాదం వల్ల తర్వాత వచ్చే పరోక్ష నష్టం), డిప్రిసియేషన్ (తరుగుదల) ఇవ్వబోమని అందులో స్పష్టంగా ఉంది. మీరు కామెంట్‌లో జీరో డెప్ అనే అదనపు కవర్ ఉందన్నారు. అది విడిభాగాల మీద కోత లేకుండా చేస్తుంది, అంతే, అమ్మకం రేటుకు దానికీ సంబంధం లేదు. కొన్న బిల్లు ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ ఉన్నా బండి పూర్తిగా పోతేనో, దొంగలెత్తుకుపోతేనో తప్ప పనికిరాదు.

యూట్యూబ్‌లో ‘డిమినిష్డ్ వాల్యూ’ (రిపేర్ తర్వాత తగ్గిన రేటు) అని వచ్చే వీడియోలు చూసి ఆశపడకండి, అవి అమెరికావి. అక్కడ జార్జియా రాష్ట్రంలో 2001 నాటి కోర్టు తీర్పు వల్ల సొంత ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఈ నష్టం లెక్కగట్టాలి. ‘17సి’ అని ఒక సూత్రం కూడా ఉంది. బండి విలువలో 10 శాతం పైపరిమితి పెట్టి, దెబ్బను బట్టి, తిరిగిన మైళ్లను బట్టి తగ్గించుకుంటూ పోతారు. నేను రాత్రంతా కూర్చుని ఆ లెక్క వేసి మా వకీలుకు చూపిస్తే, ఆయన టీ తాగుతూ నవ్వి, ‘ఇది ఇంట్లోనే ఉంచుకో’ అన్నాడు. మన చట్టంలో ఇలాంటి సూత్రమేదీ లేదు. నష్టం ఎంతో సాక్ష్యంతో మనమే చూపించాలి.

మన దగ్గర దారి మోటార్ ప్రమాదాల ట్రైబ్యునల్. అక్కడ వేసే పిటిషన్‌నే కోర్టు చుట్టుపక్కల ఎంవీఓపీ అంటారు. చావు, గాయాలు ఉంటేనే అది అనుకుంటారు చాలామంది, ఆస్తి నష్టానికి కూడా వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలి. ప్రమాదం జగిత్యాల దగ్గరైనా మీరుండేది కరీంనగర్ కాబట్టి అక్కడే వేసుకోవచ్చు. ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లమని కింద ఎవరో రాశారు, ఆ లారీ పాలసీ మీది కాదు కాబట్టి అక్కడ తీసుకోరు.

ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో లారీ నంబర్ కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. పాలసీ కాపీ దొరికితే ఆస్తి నష్టం పరిమితి చూడండి. మామూలుగా 7,50,000 ఉంటుంది, కొందరు ఓనర్లు ప్రీమియం తగ్గుతుందని 6,000కే కుదించుకుంటారు. అలాంటిదైతే మిగతాది ఓనర్ నుంచే రాబట్టాలి, అది వేరే తలనొప్పి.

అన్నిటికంటే కష్టమైంది సాక్ష్యం. రేటు ఎందుకు తగ్గిందో కాగితం మీద రాసివ్వమంటే ఇద్దరు డీలర్లు తప్పించుకున్నారు, ‘కోర్టుకు పిలుస్తరేమో’ అని భయం. మూడో ఆయన లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాసిచ్చాడు. బండ్ల నష్టం లెక్కగట్టే లైసెన్సున్న ఇన్సూరెన్స్ సర్వేయర్‌కు 3,000 ఇచ్చి వాల్యుయేషన్ రిపోర్ట్ తీసుకున్నా. రిపేర్‌కు ముందు డిక్కీ విప్పినప్పుడు మా బావ తీసిన ఫోటోలు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి. ఆ బావే ఇంకో మేలు చేశాడు. స్టేషన్‌లో డీసీఎం ఓనర్ 5,000 చేతిలో పెట్టి రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటే, పెన్ను లాక్కుని మరీ ఆపాడు. ఆ సంతకం పడి ఉంటే కేసే లేదు.

పిటిషన్‌లో రిపేర్ మొత్తం అడగలేదు, ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు రాదు. నా జేబులోంచి పోయిన 25,500, బండి షెడ్డులో ఉన్న రోజుల ట్యాక్సీ ఖర్చు 13,500, తగ్గిన రేటు 90,000, కలిపి 1,29,000 అడిగాం. అవతలి వకీలు ఒకటే పట్టు: ‘బండి ఇంకా అమ్మనే లేదు, నష్టం ఎక్కడిది?’ ఏడాది దాటాక లోక్ అదాలత్‌లో 62,000కు ఒప్పుకున్నా, ఫీజు పోను 50,000 మిగిలింది. ఇంకా లాగితే ఎక్కువ వచ్చేదేమో గానీ, వాయిదాకొక సెలవు పెట్టే ఓపిక నాకు లేదు. మీ తేడా పాతిక వేలలోపే ఉంటే నేనైతే వద్దనే అంటాను. లక్ష అంటున్నారు కాబట్టి వేయండి.

వకీలు దగ్గరికి వెళ్లేముందు ఎఫ్‌ఐఆర్‌లో లారీ నంబర్ సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి. నాదాంట్లో ఒక అంకె తప్పు పడితే, అది సరిచేయించడానికే మూడు వారాలు స్టేషన్ చుట్టూ తిరిగా.