ఊరి సైట్‌లో చుక్కల మ్యాప్ పెట్టేముందు

విజయనగరం

అమ్మలూ,

మీ మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విని ముచ్చటేసింది. కవిటి పక్కన చిన్న ఊరికి ఓ వెబ్‌సైటు, అందులో అమ్మవారి సంబరం ఫొటోలు, బడి పాత ఫొటోలు, వాటిని ఎవరెవరు ఎక్కణ్ణుంచి చూస్తున్నారో మ్యాప్ మీద చుక్కలు. ఉద్దానంలో వలస వెళ్లినవాళ్లు లేని వీధి ఉండదు కదా. చెన్నై, హైదరాబాద్, పోర్ట్‌బ్లెయిర్, వెరావల్, దుబాయ్. ఆ చుక్కలు చూడాలని ఊళ్లో అందరికీ ఉంటుంది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్తాను, నవ్వుకో. రిటైరయ్యాక అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం గుళ్ల గురించి నేనూ ఓ సైటు పెట్టుకున్నాను గుర్తుందా? అందులో ఎవరో ఉచితంగా ఇచ్చే చుక్కల మ్యాప్ అతికించాను. రెండు లైన్ల కోడ్ కాపీ కొట్టడమే పని. వారం తిరిగేసరికి అమెరికాలో వర్జీనియా దగ్గర చుక్కలే చుక్కలు. మన తెలుగువాళ్లు అక్కడ ఇంతమంది ఉన్నారా అని టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేశాను. తర్వాత తెలిసింది, వర్జీనియాలోని ఆష్‌బర్న్ చుట్టూ పెద్ద పెద్ద డేటా సెంటర్లు ఉన్నాయని. నా సైటు చూసింది మనుషులు కాదు, సైట్లన్నీ తిరిగి సమాచారం ఏరుకుపోయే బాట్లు, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు. కొన్నాళ్లకు అదే మ్యాప్ కింద అప్పులిస్తామనే ప్రకటనలు మొదలయ్యాయి. సూర్యభగవానుడి ఫొటో పక్కన వడ్డీ రేట్లు! పీకేశాను. అందుకే ఎవరో ఇచ్చింది అతికించుకోకు, నీది నువ్వే కట్టుకో. బాట్లను లెక్కలోంచి తీసేయడం కూడా మర్చిపోకు. చాలా బాట్లు తమ పేరు తామే చెప్పుకుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. సైటుకి వచ్చిన ప్రతివాడితో పాటు ఒక ఐపీ అడ్రస్, అంటే అతని నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు, వస్తుంది. దాన్ని బట్టి ఊరు చెప్పే డేటాబేస్‌లు ఉన్నాయి. కానీ ఆ అడ్రస్ మనిషిది కాదు, నెట్ ఇచ్చే కంపెనీది. నేను ఆర్ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాల సార్టింగ్ చేసినవాణ్ణి కాబట్టి నాకు ఇది తొందరగా ఎక్కింది. ఆ రోజుల్లో స్టేషన్లో మెయిల్ బండి డబ్బాలో వేసిన ఉత్తరం మీద ఆర్ఎంఎస్ ముద్ర పడేది. ఆ ముద్ర చూసి రాసినవాడి ఊరు చెప్పమంటే ఎలా చెప్తాం? ఆ లైన్లో ఏ పల్లె నుంచైనా వచ్చి ఉండొచ్చు. మొబైల్ నెట్‌లో అయితే మరీను, వందల మంది ఒకే ఐపీ వెనకాల ఉంటారు. సోంపేటలో కూర్చుని చూసిన కుర్రాడు హైదరాబాద్‌లో కనిపిస్తాడు.

మా వీధిలో ఒక ముసలమ్మకి నా మ్యాప్ చూపించి తప్పుచేశాను. వాళ్లబ్బాయి చెన్నైలో ఉంటాడు, నా సైటు చూశానని ఆ రోజే ఫోన్‌లో చెప్పాడట. మ్యాప్‌లో చెన్నై దగ్గర చుక్క లేదు, ముంబైలో ఉంది. "ఏటి బాబూ, మావోడు నాకు సెప్పకుండా బొంబాయి ఎల్లిపోనాడా?" అని రెండు రోజులు ఆవిడకి ఒకటే టెన్షన్.

ఇంతకన్నా పెద్ద కథ అమెరికాలో జరిగింది. దేశం తెలిసి ఊరు తెలియని ఐపీలన్నిటినీ, ఐపీని బట్టి ఊరు చెప్పే డేటాబేస్ తయారుచేసే మ్యాక్స్‌మైండ్ అనే కంపెనీ దేశం నడిమధ్యన, 38 డిగ్రీల అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర పెట్టేసింది. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ దగ్గర ఒక పొలం మీద పడింది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ పొలం పేర చేరాయి. ఎక్కడ ఎవరు మోసం చేసినా పోలీసులు ఆ ఇంటికే వచ్చేవారు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లోవాళ్లకి కారణం తెలియలేదు. 2016లో పత్రికల్లో వచ్చాక కంపెనీ ఆ బిందువును ఒక చెరువులోకి జరిపింది.

నీ మ్యాప్‌లో కూడా దేశం మాత్రమే తెలిసిన ఐపీలు వస్తాయి. వాటికి చుక్క పెట్టకు. పక్కన "భారతదేశం, ఊరు తెలియదు" అని అంకె వేస్తే చాలు.

అదే కంపెనీ జియోలైట్2 అనే డేటాబేస్ ఉచితంగా ఇస్తుంది, అకౌంట్ తెరిస్తే చాలు. దాన్ని నీ సర్వర్లోనే పెట్టుకో, అప్పుడు చూసినవాళ్ల ఐపీలు బయటికి పంపే పని ఉండదు. ఐపీలు చేతులు మారుతూ ఉంటాయి కాబట్టి పాత ఫైలు ఏడాదుల తరబడి వాడకు. అందులో అక్షాంశ రేఖాంశాలతో పాటు ఎన్ని కిలోమీటర్ల లోపల అయి ఉండొచ్చో కూడా ఇస్తారు. చాలామంది దాన్ని వదిలేసి చుక్క పెట్టేస్తారు. నువ్వు ఆ వ్యాసార్థంతో లేత రంగు గుండ్రం గియ్యి. వెబ్‌పేజీలో మ్యాప్ గీసే లీఫ్‌లెట్ అనే కోడ్‌లో గుండ్రం కొలత మీటర్లలో ఇవ్వాలి, డేటాబేస్ ఇచ్చేది కిలోమీటర్లలో. వెయ్యితో గుణించకపోతే గుండ్రం కనపడదు, ఎందుకు కనపడలేదో తెలియక ఒక రాత్రి పోతుంది. నాకు పోయింది.

ఇంకో రాత్రి ఇలా పోయింది. లీఫ్‌లెట్ ముందు అక్షాంశం అడుగుతుంది, చుక్కల వివరాలు రాసుకునే జియోజేసన్ ఫైల్లో ముందు రేఖాంశం రాయాలి. శ్రీకాకుళం 18.3, 83.9. నేను తిరగేసి రాస్తే మన శ్రీకాకుళం ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో తేలింది.

మ్యాప్ బొమ్మలకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడొచ్చు. కింద వాళ్ల పేరు తప్పకుండా వెయ్యి, అది వాళ్ల షరతు. ఒక్క జాగ్రత్త, దాని మామూలు పటంలో కశ్మీర్ దగ్గర గీతలు మన సర్వే ఆఫ్ ఇండియా పటంతో కలవవు. దేశపు సరిహద్దు తప్పుగా చూపితే శిక్ష వేసే చట్టం మనకి ఉంది. సరైన సరిహద్దు ఉన్న పటం వెతుక్కుని పెట్టుకో, ఊరి సైటుకి ఆ గొడవ ఎందుకు? చూసేవాళ్లకీ నీ సర్వర్‌కీ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ లాంటిది ఉంటే సర్వర్‌కి దాని ఐపీయే కనిపిస్తుంది, అసలు ఐపీ హెడర్లో, అంటే దానితో పాటు వచ్చే వివరాల్లో, విడిగా వస్తుంది. అది చూసుకో.

ఐపీని నిల్వ పెట్టుకోవద్దు. రాగానే ఊరు చూసుకో, ఊరి పేరూ తారీఖూ రాసుకో, ఐపీ పారెయ్యి. ఎవరెవరు వచ్చారో సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్ ఫైళ్లలో కూడా అది ఉండిపోతుంది, అదీ కొన్నాళ్లకి చెరిగిపోయేలా పెట్టు. మనిషిని పట్టించే వివరాలకు ఇప్పుడు 2023 చట్టం ఒకటి ఉంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, చిన్న ఊళ్లో చుక్క చూడగానే ఫలానావాడని తెలిసిపోతుంది. వెరావల్లో ఒకే ఒక్క చుక్క ఉంటే అది ఎవరిదో మీ వీధిలో అందరూ చెప్పేస్తారు. అప్పులవాడు కూడా చూస్తాడు. ఒక చోట ఐదుగురు దాటితేనే ఊరి పేరు చూపించు, లేకపోతే రాష్ట్రం చాలు. బ్రౌజర్ చేత లొకేషన్ అడిగించే పద్ధతి ఒకటుంది, ఆ పని మాత్రం చేయకు. సంబరం ఫొటో తెరవబోతే లొకేషన్ ఇవ్వమని అడిగితే మనవాళ్లు భయపడి మూసేస్తారు.

నన్నడిగితే, నీకు కావాల్సింది ఐపీలో దొరకదు. సైటు ఎంత దూరం వెళ్లిందో ఐపీ చెప్తుంది, మనవాళ్లు ఎక్కడున్నారో చెప్పదు. అది వాళ్లనే అడగాలి. సైట్‌లో చిన్న పెట్టె పెట్టు, "ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు?" అని. జాబితాలోంచి ఊరు ఎంచుకుంటారు, పేరు, ఫోన్ నంబర్ అక్కర్లేదు. ఇష్టం లేనివాడు పూరించడు. ఆ చుక్కలు వేరే రంగులో వేసి, ఐపీ గుండ్రాల పక్కన "ఈ చుట్టుపక్కల నుంచి" అని రాయి. ఆ జాబితాలో "ఊళ్లోనే" అన్నది కూడా ఉంచు, అమ్మమ్మని కూర్చోబెట్టి నొక్కించు.

లింకు వాట్సాప్‌లో పంపు. నేను విజయనగరంలో మా అరుగు మీద కూర్చునే చూస్తాను. నీ మ్యాప్‌లో హైదరాబాద్‌లో తేలితే అమ్మకి మాత్రం చెప్పకు, నాకు చెప్పకుండా అన్నయ్య హైదరాబాద్ ఎందుకెళ్లాడని ఫోన్ చేస్తుంది.

మీ మావయ్య